బదులు పలికిన పెద్దగంట

ఆమెకి పేరు లేకపోలేదు. బాప్తిస్మం రోజున పెట్టిన పేరు చర్చి పుస్తకాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. కానీ ఆ పేరు పెట్టి వీధిలో అడిగి చూడండి, ఒక్కరూ చెప్పలేరు. గంటలక్క అని అడగండి, మాటలు సరిగా రాని పిల్ల కూడా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి గోపురం తలుపు ముందు నిలబెడుతుంది.

గంటలక్కకి రహస్యం చెప్పకూడదని అందరూ అంటారు. ఆమె చాడీలు మోసే మనిషని కాదు సుమండీ. ఆమె గుసగుసలాడితే మూడో ఇంటికి వినబడుతుంది, అదీ సంగతి. పుట్టిన దగ్గర్నుంచీ గంటల కింద బతికిన మనిషి. కుడిచెవి ఎప్పుడో మూతపడింది. తనకి వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకీ వినబడదనుకుని గొంతెత్తుతుంది. పాపాలు ఒప్పుకుని చెప్పే పాపసంకీర్తనానికి మాత్రం అందరికంటే ముందు రమ్మని ఫాదర్‌గారు ఆమెని బతిమాలుకుంటారు. ఒకసారి ఆలస్యంగా వచ్చింది. ఆవేళ ఆమె పాపాలన్నీ వరసలో కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలిసిపోయాయి. అవి మరీ చప్పగా ఉన్నాయని కొందరు నిరుత్సాహపడ్డారు కూడా.

ఇలాంటి మనిషి ఏళ్ళ తరబడి ఒక్క పని చెయ్యలేక, చెయ్యనని చెప్పలేక నలిగిపోయింది. ఆ పని, సొంత తమ్ముడికి చావుగంట కొట్టడం. ఆమె గురించి చెప్పాలంటే ముందు అదే చెప్పాలి. మిగతావి ఎవరైనా చెబుతారు.

అయితే గంటల సంగతి తెలియకపోతే ఇదంతా అర్థం కాదు. గోపురంలో రెండు గంటలున్నాయి. చిన్నది పాతది. చర్చికి ఇంకా పైకప్పు పడకముందే పడవలో వచ్చిందట. దానికి చిలిపి గొంతు. పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ అదే మోగుతుంది. పెద్దగంట కథ వేరు. మొదట ఉన్న పెద్దగంట గంటలక్క తాత చేతుల్లోనే పగిలింది. ఏటికి వరదొచ్చి, దీపాలన్నీ ఆరిపోయి, గట్టు ఎటుందో తెలియక జనం నీళ్ళలో తడుముకుంటుంటే ఆయన తెల్లారేదాకా ఆపకుండా కొట్టాడు. ఆ చప్పుడు పట్టుకుని మనుషులు గట్టెక్కారు. పొద్దున చూస్తే గంటకి నిలువునా బీట.

మళ్ళీ పోత పొయ్యాలంటే లోహం చాలలేదు. ఇంటింటి నుంచీ సామాను తెచ్చి చర్చి పెరట్లో కుప్ప పోశారు. చెంబులు, పళ్ళేలు, తలుపు గొళ్ళేలు, దీపపు సెమ్మెలు, ఎవరిదో విరిగిన త్రాసు. ఒకావిడ చచ్చిపోయిన తన బిడ్డ పాలగిన్నె తెచ్చిందట. మూసలో వెయ్యబోయి వెనక్కి తీసుకుందట. మళ్ళీ వేసిందట. కథంతా గొంతు చించుకుని చెప్పే గంటలక్క నాన్న ఆ ముక్క దగ్గర మాత్రం గొంతు తగ్గించేవాడు.

అందుకే ఈ రోజుకీ పెద్దగంట మోగితే ముసలమ్మలు పోట్లాడుకుంటారు.

"అదిగో, మా అమ్మమ్మ చెంబు. వినబడిందా?"

"మీ అమ్మమ్మది సొట్టల చెంబు. అది మోగడమేంటి? అది మా ఇంటి పళ్ళెం."

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. కానీ సందె చీకట్లో ఒంటరిగా తాడు పట్టుకుని నిలబడి ఉండగా, గంట ఆగాక కూడా ఆ లోహంలో ఏదో సన్నగా మూలుగుతూ ఉంటే, ఆ పాలగిన్నె గుర్తుకు రాకమానదు. ఆ మూలుగు పూర్తిగా ఆగేదాకా గంటలక్క గోపురంలోంచి బయటికి రాదు. మధ్యలో వదిలేసి రావడం మర్యాద కాదంటుంది. ఎవరి పట్ల మర్యాద అని అడిగితే మాట మార్చేస్తుంది.

చావుగంటకి వేరే పద్ధతి. పెద్దగంట ఊగినప్పుడు దాని నాలుక ఒకసారి ఇటువైపు తగులుతుంది, ఒకసారి అటువైపు. ఎవరైనా పోతే నిచ్చెనెక్కి ఆ నాలుకకి ఒకవైపు మాత్రం మందపాటి తోలు కట్టాలి. అప్పుడు ఒక దెబ్బ ఖంగుమంటుంది. రెండోది మెత్తగా, ఏటి అవతలి గట్టు నుంచి వచ్చినట్టు వస్తుంది. మొదటిదాన్ని పిలుపు అంటారు, రెండోదాన్ని బదులు అంటారు. మనం పిలుస్తాం, పోయినవాళ్ళు పలుకుతారు. బదులు విన్నాకే మనిషి ఊరు విడిచినట్టు. ఎవరికి గంట కొట్టలేదో ఆ మనిషి ఇంకా ఇక్కడే ఉన్నట్టు. ఇవన్నీ గ్రంథంలో లేవని ఫాదర్‌గారు మొత్తుకుంటూనే ఉంటారు. జనం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తారు. గంటలక్కకయితే వదలడానికి ఆ రెండో చెవి కూడా లేదు.

ఆమె తన నాన్నకి చావుగంట తన చేత్తోనే తోలు కట్టి కొట్టింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే జ్వరంతో పోయిన మొగుడికీ కొట్టింది. కళ్ళ నీళ్ళు మెడ మీదికి కారుతున్నా తాడు వరస తప్పలేదు. "గుండె రాయి చేసుకుందమ్మా" అన్నారు చూసినవాళ్ళు. అంటారు, వాళ్ళకేం పోయింది? ఆ పూట ఇంటికొచ్చి అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకోలేక ఆమె ఎలా ఏడ్చిందో వాళ్ళు చూడలేదు.

తమ్ముడు ఏటి మీద రేవు పడవ నడిపేవాడు. చిన్నప్పుడు గంట తాడుకి వేలాడి, అది పైకి లేస్తుంటే దాంతోపాటు గాల్లోకి లేచి, "అక్కా, నన్ను పట్టుకో!" అని కేకలు పెట్టేవాడు. వానాకాలం ఒక మధ్యాహ్నం అతని పడవ అవతలి గట్టు పొదల్లో ఖాళీగా దొరికింది. మనిషి దొరకలేదు. వలలు వేశారు. గజ ఈతగాళ్ళని దింపారు. దిగువ ఊళ్ళకి మనుషుల్ని పంపారు. ఏరు ఏమీ ఇవ్వలేదు. చివరికి ఫాదర్‌గారు ఇంటికొచ్చి గంట మాట ఎత్తబోతే, వాళ్ళ అమ్మ లేచి నిలబడింది.

"శవాన్ని చూపించండి, అప్పుడు కొట్టుకోండి" అంది. "చూడకుండానే నా కొడుకుని చంపేస్తారా మీరందరూ?"

పోయినవాళ్ళ తల్లి బతికుంటే ఆమె తల ఊపందే గంట కొట్టకూడదు. అది ఇక్కడి కట్టుబాటు. అమ్మ తల ఊపలేదు. ఫాదర్‌గారు వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

అప్పటి నుంచీ తమ్ముడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఎలా ఉన్నాడంటే, లేనివాడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. భోజనాల దగ్గర అమ్మ, గంటలక్క, తమ్ముడి భార్య, ఈ ముగ్గురు ఆడవాళ్ళకి నాలుగు కంచాలు పెట్టేవారు. వారం వారం అతని చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతలు మార్చి పెట్టేవారు. అతని కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. ఒకసారి పక్కింటాయన తెలియక కూర్చోబోతే, అమ్మ "అయ్యయ్యో, వాడున్నాడు!" అంది. ఆయన ఒక్క గెంతు గెంతాడు. ఆ తర్వాత ఆయన ఎప్పుడొచ్చినా వాకిట్లోంచే పలకరించి వెళ్ళిపోయేవాడు.

సాయంత్రాలు ముందుగదిలో తడిబట్టల వాసన వచ్చేది. గోడలకి చెమ్మ పట్టిందని గంటలక్క అనేది. ఆ వీధిలో ఇంకే ఇంటి గోడకీ చెమ్మ లేదు. ఎవరికి వాళ్ళు ఆ సంగతి గమనించి, ఎవరికి వాళ్ళు నోరు మూసుకున్నారు.

రోజూ పొద్దున ప్రార్థనకి పెద్దగంట మోగే వేళకి అమ్మ కిటికీ తలుపులు గట్టిగా బిగించి, నెత్తిన కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. "నీ గంట తిన్నగా నా తలలోనే మోగుతోందే, నొప్పి" అనేది. గంటలక్క నమ్మింది. తనని గంట కొట్టొద్దనలేదు, అదే పదివేలు అనుకుంది.

ఇక తమ్ముడి భార్య. ఆ పిల్ల బట్టలు కుట్టేది. కుట్టుమిషను కిటికీ పక్కనే ఉండేది. ఎంత కుట్టినా తలెత్తేది కాదు. తలెత్తితే ఎదురుగా ఆ కుర్చీ. మొగుడు పోయాడని ఏడవడానికి లేదు, వస్తాడని నవ్వడానికి లేదు. ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. అప్పుడు ఆ కిటికీ చెక్క బాగుచెయ్యడానికి ఒక వడ్రంగి వచ్చాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. వచ్చినవాడు చెక్క సరిచేసి వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ఆ నెలలోనే ఇంకోసారి వచ్చాడు. నిజం చెప్పొద్దూ, అన్నిసార్లు పాడైపోయేంత కిటికీ కాదది. అయినా అమ్మ పల్లెత్తు మాట అనలేదు. కిటికీ ఎంత బిగువుగా మూసుకుంటే ఆమెకి అంత మంచిది.

వాళ్ళిద్దరి పెళ్ళికి చర్చి పెద్దల నుంచి కావలసిన అనుమతులన్నీ వచ్చాయి. గంట ఒక్కటే మిగిలింది. "నేను పెళ్ళి చేస్తానమ్మా, నాకేం?" అన్నారు ఫాదర్‌గారు. "కానీ గంట కొట్టనివాడి భార్యకి పెళ్ళంటే ఈ చర్చిలో ఒక్క బల్ల మీద కూడా మనిషి కూర్చోడు. ఆ అమ్మాయి రేపు ఈ వీధుల్లో తిరగాలి కదా."

ఒకరోజు గంటలక్క గోపురంలో ఇరుసులకి నూనె పెడుతుంటే మరదలు మెట్లెక్కి వచ్చింది.

"వదినా, ఒక మాట."

"గట్టిగా చెప్పు."

"గట్టిగా చెప్పే మాట కాదు."

"అయితే ఎడమ చెవి దగ్గరికి రా."

వచ్చింది. "ఆయన ఇంక రారు వదినా" అంది. "నీకూ తెలుసు, నాకూ తెలుసు."

"అమ్మ ఒప్పుకోవాలి కదే."

"అత్తయ్య ఒప్పుకోరు. ఈ జన్మలో ఒప్పుకోరు. మరి నేనేం చెయ్యాలి? ఆవిడ ఎప్పుడు పోతారా అని ఎదురుచూస్తూ కూర్చోవాలా? నాకు జ్వరమొస్తే కునుకు లేకుండా పక్కన కూర్చున్న మనిషి వదినా ఆవిడ. ఆవిడ చావు కోరుకునే రాత నాకొద్దు. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. అడిగి కొడతావో, అడక్కుండా కొడతావో."

గంటలక్క నూనెగిన్నె పక్కన పెట్టింది. "నాన్నకి కొట్టాను. మా ఆయనకి కొట్టాను. వాళ్ళని కళ్ళారా చూసి కొట్టానే. వీణ్ణి చూడలేదు. ఇప్పుడు నేను తోలు కట్టి తాడు లాగానంటే వాడు ఏట్లో పోయినట్టు కాదు, ఇక్కడ నా చేతిలో పోయినట్టు."

"మరి నేను?" అంది మరదలు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గంటలక్కకి ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఒళ్ళుమండింది. అమ్మ మీద, మరదలి మీద, ఆ ఏటి మీద, అందరికంటే ఎక్కువగా తమ్ముడి మీద. "పోయేవాడివి తిన్నగా పోవచ్చు కదరా! అందర్నీ ఇలా వేలాడదీసి పోతావా?" అని పైకే అరిచేసింది. గోపురంలో ఆమె గొంతే తిరిగొచ్చింది. రావలసిన దానికంటే కొంచెం ఆలస్యంగా వచ్చిందనిపించింది. నూనెగిన్నె అక్కడే వదిలేసి కిందికి దిగింది.

ఆ పూట భోజనాల దగ్గర అమ్మతో మాట కదిపింది. "అమ్మా, ఆ పిల్ల వయసెంతో చూడు."

అమ్మ నాలుగో కంచం వైపు చూపించింది. "తియ్యమంటావా? సరే, నువ్వే తియ్యి. అక్కవి కదా. నీ చేత్తో తీసి అవతల పెట్టు, చూస్తాను."

గంటలక్క చెయ్యి కంచం అంచుదాకా వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. అమ్మ అందులో అన్నం వడ్డించింది. మరదలు తినకుండా లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది.

అలా ఉండగా రొట్టెల కొట్టు ముసలాయన పోయాడు. నిండా బతికి, చివరి పూట కూడా రొట్టె గట్టిగా ఉందని కోడల్ని తిట్టి మరీ పోయాడు. గంటలక్క నిచ్చెనెక్కి తోలు కట్టింది. వరస ప్రకారం కొట్టింది. పని అయ్యాక మళ్ళీ ఎక్కి తోలు విప్పింది. విప్పుతుంటే అది చేతిలోంచి జారి, నిచ్చెన దిగువ మెట్టుకి తగిలి కింద పడింది. కిందికొచ్చాక తీసి గోడ కొయ్యకి తగిలిస్తుంటే మళ్ళీ జారి, ఈసారి కాలి బొటనవేలి మీద పడింది. ముసలాయన పోతూ పోతూ తననీ ఒక దెబ్బ కొట్టిపోయాడని తిట్టుకుంటూ, కుంటుకుంటూ ఇంటికెళ్ళింది. ఇదంతా ఎందుకు చెప్పడమంటే, ఆమె తోలు విప్పిందా లేదా అని తర్వాత చాలా గొడవైంది. విప్పింది. నేను చెబుతున్నాను కదా, విప్పింది.

మర్నాడు పొద్దున మంచు కమ్మేసింది. గోపురం తలుపు తాళం తీసి, తాడు అందుకుని, రోజూ లాగినట్టే లాగింది. పెద్దగంట ఖంగుమంది. అటు ఊగింది.

రెండో దెబ్బ మెత్తగా వచ్చింది.

గంటలక్క తాడు బిగపట్టి ఆపబోయింది. ఊగడం మొదలెట్టిన గంటని చటుక్కున ఆపడం ఎవరి వల్లా కాదు. తాడు వదిలేసినా అది తన బరువుతో తాను ఊగుతూనే ఉంటుంది. ఖంగు, ఆ వెంటనే మెత్తటి బదులు. మళ్ళీ ఖంగు, మళ్ళీ బదులు. సగం చెవి మనిషికి కూడా అది స్పష్టంగా వినబడింది. అది ముసలాయన బదులులా లేదు. నిన్నటిది గట్టు మీదినుంచి వచ్చింది. ఇది నీళ్ళ కిందినుంచి వస్తోంది.

ఆమె బయటికొచ్చేసరికి వీధి వీధంతా చర్చి ముందుంది. సగం గడ్డాలు గీసుకున్నవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు.

"ఎవరు పోయారు?"

"రొట్టెలాయనకి నిన్ననే అయిందిగా?"

"మళ్ళీ కొడుతున్నారేంటి? అక్కడ రొట్టె నచ్చలేదని తిరిగొచ్చాడా?"

ఒకరిద్దరు నవ్వారు. అంతలో పాలాయన, "ఊళ్ళో అందరూ ఇక్కడే ఉన్నారు, గంట కొట్టనివాడు ఒక్కడే మిగిలాడు" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. అందరూ గంటలక్క ఇంటివైపు చూశారు.

ఫాదర్‌గారు ఒక కాలికే చెప్పుతో పరుగెత్తుకొచ్చారు. "తోలు విప్పడం మర్చిపోయావా తల్లీ?"

గోపురం పనిలో ఉన్నవాళ్ళెవరైనా చేసే పొరపాటే అది. గంటలక్క తాత ఒకసారి చేశాడు, పండగపూట చావుగంట కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. గంటలక్క వెనక్కి తిరిగింది. లోపల కొయ్యకి తోలు వేలాడుతూనే ఉంది. అయినా నిచ్చెనెక్కింది. నాలుక బోడిగా ఉంది. చేత్తో తడిమింది. ఒకవైపు పొడిగా ఉంది. రెండోవైపు తడిగా, చల్లగా ఉంది. మంచు కురిసిన పొద్దు, తడి ఉండొచ్చు. ఒకవైపే ఎందుకుందో ఆమెకి తెలియలేదు. ఆ వైపు నాలుకని పట్టుకుని మెల్లిగా గంటకి తగిలించి చూసింది. శుభ్రంగా, ఖంగున మోగింది.

ఎలా దిగిందో ఆమెకే తెలియదు.

కింద గుంపులో గొణుగుళ్ళు మొదలయ్యాయి. "వదినా మరదళ్ళు కలిసి ఆడిన నాటకం. ముసలావిడ ఒప్పుకోలేదని ఇలా కానిచ్చేశారు" అంది ఎవరో, సరిగ్గా ఆమె ఎడమ చెవి వైపు నిలబడి. గుంపు చివర మరదలు, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా, తల అడ్డంగా ఊపుతోంది. కాదు వదినా, నేను కాదు అన్నట్టు.

గంటలక్కకి రోషం వచ్చింది. ఆ పిల్ల ఇప్పటిదాకా పడింది చాలదా? "ఎవరి నాటకమూ కాదు!" అని అరిచింది. "పొరపాటు నాది. తోలు విప్పడం మర్చిపోయాను!"

జనానికి ప్రాణం కుదుటపడింది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. "వయసు మీద పడుతోంది అక్కా", "పండగ గంటకి మాత్రం మర్చిపోకు తల్లీ" అంటూ కదిలారు. ఫాదర్‌గారు రెండో చెప్పు కోసం వెళ్ళారు. గంటలక్కకి మాత్రం ఇంటికి వెళ్ళాలంటే అడుగు పడలేదు.

ముందుగదిలో కిటికీ బార్లా తెరిచి ఉంది. అమ్మ దాని పక్కనే, మరదలి మిషను ముందున్న పీట మీద కూర్చుని ఉంది. నెత్తిన కొంగు లేదు.

"తోలు విప్పడం మర్చిపోయానని అరిచావు. ఇక్కడిదాకా వినబడింది" అంది. "నిజమేనా?"

మరదలు గడప బయటే ఆగిపోయింది. గంటలక్క ఇద్దరినీ చూసింది. అవునంటే సరిపోతుంది. ఊరంతా నమ్మింది, అమ్మా నమ్ముతుంది. ఈ పూట కూడా నాలుగు కంచాలు పెడతారు, కొడుకు రేపో మాపో వస్తాడు, మరదలు మిషను తొక్కుతూ ఉంటుంది. కాదంటే, ఇన్నేళ్ళూ చెయ్యలేకపోయిన పని ఈ ఒక్క మాటతో చేసినట్టే. అబద్ధం గొంతుదాకా వచ్చింది. కానీ గడపలో ఆ పిల్ల ముఖం చూశాక బయటికి రాలేదు.

"నిజం కాదమ్మా" అంది. జీవితంలో మొదటిసారి ఆమె గొంతు పక్క గదికి కూడా వినబడలేదు. "నిన్ననే విప్పాను. కాలి మీద కూడా పడింది. నాలుక బోడిగా ఉంది."

అమ్మ ఉలిక్కిపడలేదు. "నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"వాడు కనబడకుండా పోయిన మర్నాటి నుంచీ ఆ గంట బదులిస్తూనే ఉందే. రోజూ పొద్దున్నే. నీకు వినబడలేదు, ఊళ్ళో ఎవరికీ వినబడలేదు. నాకొక్కదానికే వినబడేది."

"తలనొప్పి అన్నావు కదమ్మా?"

"మరేం చెప్పమంటావు? నా కొడుకు రోజూ పొద్దున్నే వెళ్ళొస్తానమ్మా అంటున్నాడు, నేను వాడి ముఖం మీద తలుపేస్తున్నాను అని చెప్పనా?" అమ్మ తెరిచిన కిటికీ వైపు చూసింది. "వాడు అడుగుతూనే ఉన్నాడు. నేను కాదంటూనే ఉన్నాను. ఇవాళ ఊరందరికీ వినబడేలా అడిగాడు. పాపం, ఇంకెన్నాళ్ళు నిలబెడతానే వాణ్ణి, ఆ తడిబట్టలతో?"

గంటలక్క అమ్మ పక్కన కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. కాసేపటికి అమ్మ కళ్ళు తుడుచుకుని గడప వైపు చూసింది.

"ఇలా రావే" అంది కోడలితో. ఆ పిల్ల వచ్చి నేల మీద కూర్చుంటే, అమ్మ ఆమె తల నిమిరింది. "ఆ వడ్రంగి అబ్బాయితో చెప్పు. కిటికీ బాగానే ఉంది, ఇంక తిన్నగా వాకిట్లోంచే రమ్మను."

కోడలు ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆ పెళ్ళి ఆ తర్వాత జరిగింది, చిన్నగంటని చేతులు పడిపోయేలా కొట్టింది గంటలక్కే. కానీ ఆ ఉదయం ఇంకా పని మిగిలి ఉంది.

ముగ్గురూ కలిసి చర్చికి నడిచారు. మంచు విడిపోయింది. వీధిలో జనం దారి ఇచ్చారు. గంటలక్క నిచ్చెనెక్కి తమ్ముడి కోసం నాలుకకి తోలు కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది. దిగి వచ్చి తాడు పట్టుకుంటే, అమ్మ కూడా వచ్చి తాడు మీద ఆమె చేతుల పైన తన చేతులు వేసింది. అమ్మ ఎప్పుడూ తాడు ముట్టుకున్న మనిషి కాదు.

లాగారు. పిలుపు ఖంగున వెళ్ళింది. గంట అటు ఊగింది. అమ్మ కళ్ళు మూసుకుని, తల పైకెత్తి, ఇన్నేళ్ళూ వద్దనుకున్న చప్పుడు కోసం ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడింది.

డబ్ మంది. అది తోలు చప్పుడు. తోలు లోహానికి తగిలిన చప్పుడు, అంతకంటే ఏమీ లేదు. గంటలక్క ఎంతమందికి కొట్టిందో ఆమెకే లెక్క తెలియదు. బదులు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఇందులో ఎవరూ లేరు.

ఇంకోసారి ఊగింది. మళ్ళీ తోలే.

"ఏడే?" అంది అమ్మ. "పలకడేం?"

"పొద్దున్నే పలికేశాడు కదమ్మా" అంది గంటలక్క. "వెళ్ళిపోయాడు."

అమ్మ తాడు పట్టుకునే ముందుకు వాలింది. మరదలు వెనక నుంచి పట్టుకుంది. అయినా అమ్మ తాడు వదల్లేదు.

"లాగు" అంది. "ఇంకొక్కసారి లాగు."

గంటలక్క లాగింది. కొట్టవలసినన్ని అయిపోయాయి. వరస దాటిపోయింది. గంటలక్క మళ్ళీ పొరపాటు చేస్తోందని వీధిలో అందరికీ తెలుస్తూనే ఉంది. ఎవరూ వచ్చి ఆపలేదు. అమ్మ "ఇంకొక్కసారి" అన్నప్పుడల్లా ఆమె లాగుతూనే ఉంది.